హైపో పారబోసిన ఏడాది

ఫోటో అంటే ఫోను మీద వేలు పెడితే వచ్చేది అనుకునే వయసు మీది. అందుకని ముందు హైపో అంటే ఏమిటో చెప్పాలి. అది తెలియకపోతే నేను చెప్పబోయేది మీకు అందదు.

ఫిల్మ్ రోజుల్లో కాగితం మీదికి బొమ్మ వచ్చాక, వెలుతురు తగిలి అది నల్లబడిపోకుండా ఒక మందు నీళ్లలో ముంచేవాళ్లం. ఆ నీళ్లలో కలిపే గడ్డలే హైపో. తెల్లగా, కలకండ పలుకుల్లా ఉంటాయి. దేవరకొండలో నా స్టూడియో వెనక చిన్న చీకటి గది ఉండేది. అందులో ఒక మూల హైపో సంచి ఎప్పుడూ ఉండేది.

మా మెట్ట ప్రాంతంలో ఆ సంచికి ఇంకో వాడకం కూడా ఉంది. తొలకరి పడి, ఆ తర్వాత వాన మొహం చాటేసిన ఏడు జొన్నచేను ఎదగదు. గిడసబారి నిలబడిపోతుంది. ఆ లేత పిలకల్లో విషం చేరుతుంది. దాన్ని నాము అంటారు. గొర్రె కానీ ఆవు కానీ ఆ పిలకలు కడుపునిండా మేసిందంటే కాసేపటికే వణుకుతుంది, నోట నురగ కక్కుతుంది, పడిపోతుంది. హైపో దానికి విరుగుడు. వెంటనే తాగిస్తే చాలా జీవాలు లేచి నిలబడతాయి. మా ఊళ్లో పాత పశువుల డాక్టరు ఉన్న కాలంలో, దవాఖానలో మందు లేకపోతే ఆయన "ఫోటో సారు దగ్గరికి ఉరుకు" అని పంపేవాడు. చెప్పులు లేకుండా వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "ఫోటో గాదు సారూ, తెల్లమందు" అనేవాడు. నేను పొట్లం కట్టి ఇచ్చేవాణ్ని. పెళ్లి ఫోటోలు తీయించుకున్నవాళ్లు నన్ను మరిచిపోయారు. ఆ పొట్లాలు పట్టుకుపోయినవాళ్లు మాత్రం సంతలో కనపడితే ఆగి పలకరించేవాళ్లు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను డిజిటల్ కెమెరా కొన్నాను. అప్పటికి నేను చాలా వెనకబడి ఉన్నానని మీరు నవ్వుకోవచ్చు. పెళ్లిళ్లు పెద్ద పెద్ద కెమెరాలున్న కుర్రాళ్ల చేతికి ఎప్పుడో వెళ్లిపోయాయి. నాకు మిగిలినవి మూడే పనులు. బస్సు పాసు ఫోటోలు. చనిపోయినవాళ్ల పాత ఫోటోలోంచి ముఖం తీసి పెద్దది చేసి ఇవ్వడం. ఇక మూడోది పశువుల దవాఖాన పని. బీమా ఉన్న జీవం చస్తే, దాని చెవికున్న బిళ్ల మీద నంబరు కనపడేలా ఫోటో తీసి ఇవ్వాలి. ఆ ఫోటో లేకపోతే కంపెనీ మాట్లాడదు. కలర్ రీళ్లు కడిగే హైదరాబాద్ ల్యాబు ఇక రీళ్లు తేవద్దని చెప్పేసింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చిన్న వయసు మనిషి, నెమ్మదిగానే చెప్పింది. "మీ ఫోటోలు బాగుంటాయి. కానీ చేతికొచ్చేసరికి కంపెనీ గడువు దాటిపోతోంది. డిజిటల్ తీసుకోండి, లేకపోతే నేను వేరేవాళ్లను చూసుకోవాలి."

పాలమూరులో నాకొక స్నేహితుడున్నాడు. మేమిద్దరం ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాం. అతను చాలా ముందే డిజిటల్‌కు మారాడు. ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు.

"ఇప్పుడొచ్చిందా యాది? రా, నేనే ఇప్పిస్త."

ఇద్దరం పాలమూరులో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. దారి పొడుగునా ఫోనే కొనుక్కొమ్మని పోరు పెట్టాడు.

"ఫోన్లనే కెమెరా ఉంటది. రెండు పనులైతయి. ఇంకా చిన్న కెమెరాలెవరు కొంటున్నరు?"

"పెండ్లిల పురోహితుడు జపం ఆపి ఫోన్ మాట్లాడితే ఎట్లుంటదో, నేను ఫోన్ తోని ఫోటో తీస్తే గట్లనే ఉంటది" అన్నాను.

"నీతోని గాదు" అని కిటికీ వైపు తిరిగాడు.

పెద్ద కెమెరా నాకు వద్దు. బండి మీద ఊళ్లు, తండాలు తిరిగేవాణ్ని, అంగీ జేబులో పట్టాలి. పెన్సిల్ సెల్లుతో నడవాలి, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి కాబట్టి. అన్నిటికన్నా ముఖ్యం, కన్ను ఆనించి చూసే కంత ఉండాలి. బతుకంతా ఒక కన్ను మూసి లోకాన్ని చూసినవాణ్ని. చేతులు చాపి, ముందుకు పట్టుకుని, వెనకున్న తెరలో చూస్తూ తీయడం నాకు రాదు. పైగా మా ఎండలో ఆ తెర మీద మన మొహమే కనపడుతుంది తప్ప ఇంకేమీ కనపడదు.

దుకాణం ఆయన కింది అరలోంచి దుమ్ము పట్టిన డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. "గివి ఆఖరి ముక్కలు సార్. మళ్ల రావు" అన్నాడు. నేను ఒక్కొక్కటీ కంటికి ఆనించి చూశాను. ఫిల్మ్ కెమెరాలో నొక్కిన క్షణమే బొమ్మ పడుతుంది. వీటిలో నొక్కేది ఒకప్పుడు, పడేది ఇంకొకప్పుడు. అందుకని నా స్నేహితుణ్ని తాళాల గుత్తి పైనుంచి వదలమన్నాను. అతను వదలడం, నేను నొక్కడం. ఒక కెమెరాలో తాళాలు నేల మీద పడ్డాక వచ్చాయి. ఇంకోదానిలో అసలు రాలేదు. దుకాణంలో ఫోన్లు కొనేవాళ్లంతా మా వైపు చూడసాగారు. స్నేహితుడు విసుక్కుంటూనే మళ్లీ మళ్లీ వదిలాడు. చివరికి ఒక కెమెరాలో తాళాల గుత్తి గాలిలో ఆగి కనపడింది. ఒక్కో తాళం చెవి పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. అదే తీసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు సంతోషంగానే ఉంది. అది దాచను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక మంచి కెమెరాను నా చేతులు గుర్తుపట్టాయి అనుకున్నాను.

చీకటి గదితో ఇక పని లేదు. ఆ జాగాను జిరాక్సు పెట్టుకుంటానన్న ఒకతనికి ఇచ్చేశాను. డబ్బాల్లోని నీళ్లన్నీ మోరీలో పోశాను. హైపో సంచి దగ్గరికి వచ్చాక కాసేపు ఆగాను. చెమ్మకు గడ్డకట్టిపోయి ఉంది. ఎవరైనా వస్తారేమో అన్న ఆలోచన రాకపోలేదు. కానీ పొట్లం కోసం మనుషులు రావడం ఆగి చాలా ఏళ్లయింది. దవాఖానలో సూదిమందు ఉంటుంది కదా, నా దగ్గరకు ఎవరొస్తారు అనిపించింది. జిరాక్సు అతను యంత్రం తెచ్చి వాకిట్లో పెట్టి నిలబడ్డాడు. గడ్డను రోకలితో పగలగొట్టి, బక్కెట్లో కరిగించి, అదీ మోరీలో పోశాను. గదిలో మందు కంపు పోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఆ ఏడు వానలు లేవు. శ్రావణం వచ్చినా చెరువుల్లో నెర్రెలు పూడలేదు. ఒక పొద్దున బస్సు పాసు ఫోటోలు కత్తిరిస్తుంటే పశువుల దవాఖాన కాంపౌండర్ ఫోన్ చేశాడు. ఎన్నో ఏళ్లుగా నాతో ఊళ్లు తిరిగిన మనిషి.

"అన్నా, యాడున్నవు?"

"స్టూడియోల. ఫోటోలా?"

"ఫోటోలు తర్వాత. హైపో పట్కరా. ఉన్నదంత పట్కరా. మంద మంద జొన్న పిలకలు మేసింది. పడిపోతున్నయి."

"మీ తాన సూదిమందు లేదా?" అన్నాను.

"ఉన్నదంత డాక్టరమ్మ ఏసింది. కొన్నిటికే అయిపోయింది. కొత్తది ఇంకా రాలే. నువ్వు జర జల్ది రా."

"నా తాన లేదు తమ్మీ. పారబోసిన."

అవతల గొర్రెల అరుపులు వినపడుతున్నాయి. "ఫోటో స్టూడియోల హైపో లేకపోవుడేంది అన్నా" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

బయటికి ఉరికాను. ఊళ్లో ఉన్న స్టూడియోలన్నీ తిరిగాను. నడిపేది కుర్రాళ్లు. ఒకతను అది ఏ కంపెనీ కెమెరా అని అడిగాడు. పాలమూరు స్నేహితుడికి ఫోన్ చేశాను. అక్కడ దొరికినా అంత దూరం నుంచి సమయానికి రాదని తెలిసి కూడా చేశాను. "నేను పారబోసి ఎన్నేండ్లాయెరా" అన్నాడు, ఈసారి నవ్వలేదు. ఆఖరికి కాలేజీ గుర్తొచ్చింది. కెమిస్ట్రీ సారు క్లాసు మధ్యలోంచి లేచి వచ్చి ల్యాబు తాళం తీశాడు. అలమరలో వెతికి ఒక గాజు సీసా ఇచ్చాడు. అడుగున ఒక దోసెడు గడ్డలున్నాయి. "ఇంతేనండి" అన్నాడు. ఆ సీసా సంచిలో వేసుకుని బండెక్కాను. కెమెరా జేబులోనే ఉంది.

ఊరు దాటి, కొండ వెనక మెట్ట చేల మధ్య మంద కనపడింది. సగానికి పైగా నేల మీద ఉన్నాయి. కొన్ని కాళ్లు కొట్టుకుంటున్నాయి. కొన్ని ఊరికే నిలబడి వణుకుతున్నాయి. డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఒక గొర్రె నోరు తెరిచి చూస్తోంది. ఆమె చీర అంతా నురగ.

మంద కాపరి నాకు తెలిసినవాడే. చాలా కాలం క్రితం ఇలాంటి కరువులోనే వాళ్ల బాపు నా దగ్గర పొట్లం తీసుకుపోయాడు. అప్పుడు మంద బతికింది. నా బండిని చూడగానే ఆ మనిషి లేచి నిలబడ్డాడు. భార్య అవతల ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె వైపు తిరిగి చెప్పాడు.

"ఒచ్చిండే. ఫోటో సారు ఒచ్చిండు. బాపు జెప్పలే? సారు తాన మందుంటదని."

నేను సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఎండకు ఎత్తి చూసింది. తర్వాత నా సంచి వైపు చూసింది. సంచిలో ఇంకేమీ లేదని నేను తల అడ్డంగా ఊపాను. కాంపౌండర్ నీళ్లలో కలుపుతుంటే, ఆమె కాపరిని దగ్గరికి పిలిచింది.

"ఇది కొన్నిటికే వస్తుంది. అన్నిటికీ కొంచెం కొంచెం పోస్తే ఏదీ బతకదు. ఏవి బతకాలో నువ్వే చెప్పు. తొందరగా."

అతను మంద వైపు చూశాడు. అతని కాలికి ఆనుకుని ఒక పెద్ద పొట్టేలు నిలబడి ఉంది. మెడలో గంట ఉంది. వణుకుకు ఆ గంట ఆగకుండా చిన్నగా మోగుతోంది. అతని చేయి దాని వీపు మీదే ఉంది.

"నేను జెప్ప డాక్టరమ్మా" అన్నాడు. "నాతోని గాదు. మీకు తోచినట్టు చెయ్యుండ్రి."

భార్య ఒళ్లోని గొర్రె తల కింద పెట్టి లేచింది. కొంగు నడుముకు చుట్టుకుంది. "పాలిచ్చేటియి ముందు" అంది. "పిల్లలు దొడ్ల ఉన్నయి. తల్లులు రాకుంటే అయి గూడ పోతయి." మందలోకి నడిచి ఒక్కొక్కదాన్ని వేలితో చూపించింది. గీది. గది. దాని పక్కనున్నది వద్దు, అది ఈసారి ఈనలే. చూడి గొర్రె ఒకటి ఆమె ముందే మోకాళ్ల మీద కూలబడింది. ఆమె ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటి పోయింది.

కాంపౌండర్, నేను పట్టుకుంటే డాక్టరమ్మ గొంతులో పోసింది. మందు అడుగంటుతుండగా కాపరి మొదటిసారి అడిగాడు. "పొట్టేలుకు?"

"దానికొద్దు" అంది భార్య, అతని వైపు చూడకుండా.

తాగిన వాటిలో కొన్ని లేచాయి. ఆలస్యమైందేమో, కొన్ని లేవలేదు. పొట్టేలు చాలాసేపు నిలబడే ఉంది. తర్వాత ముందు కాళ్లు మడిచి, పడుకోవడానికి అన్నట్టే కూర్చుంది. గంట ఆగిపోయింది.

ఇక మిగిలింది నా పని. డాక్టరమ్మ చెప్పలేక చెప్పింది, "ఫోటోలు తీయాలి, ఎండకు ఉబ్బక ముందే." ఒక్కో గొర్రె దగ్గర ఎవరైనా చెవి ఎత్తి బిళ్ల కనపడేలా పట్టుకోవాలి. కాంపౌండర్ ముందుకు వస్తే కాపరి వద్దన్నాడు.

"నా జీవాలు. నేనే వట్టుకుంట" అన్నాడు. మొదటి దాని దగ్గర కూర్చుని, "గిట్ల వట్టుకోవాల్నా సారూ?" అని అడిగాడు.

"కొంచెం పైకి" అన్నాను.

ఆ కెమెరా నొక్కినప్పుడల్లా కిచుక్కుమని ఒక ఉత్తుత్తి చప్పుడు చేస్తుంది. దాన్ని ఆపడం ఎలాగో నేను ఇంకా నేర్చుకోలేదు. ఆ చేనులో వేరే చప్పుడేమీ లేదు. కిచుక్. అతను లేచి తర్వాతి దాని దగ్గరికి పోవడం, కూర్చోవడం, చెవి ఎత్తడం. కిచుక్. కంతకు కన్ను ఆనించి తీస్తూ పోయాను. ఎండలో ఆ కంత చక్కగా పనికొచ్చింది. సెల్లు అయిపోలేదు. ఒక్క ఫోటో కూడా కదిలి మసకబారలేదు. నేను ఏరి కోరి కొన్న కెమెరా, ఏ లోపమూ లేకుండా పనిచేసింది.

మధ్యాహ్నం కెమెరాలోని కార్డు పట్టుకుని జిరాక్సు అతని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒకప్పటి నా చీకటి గదిలోనే. ఫోటోలు తెర మీదికి రాగానే అతను అన్నాడు, "అన్నా, గొర్రె కన్నా మనిషే మంచిగొచ్చిండు."

ఆ కెమెరాకు ఒక గుణం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఎదురుగా మనిషి ముఖం ఉంటే దాన్ని వెతికి పట్టుకుని, దాని మీదే గురి కుదుర్చుకుంటుంది. కంతలోంచి చూసేవాడికి ఆ సంగతి కనపడదు. నేను చెవులు తీస్తున్నాననుకున్నాను. అది ఆ మనిషిని తీసింది. బిళ్లల మీద నంబర్లు చదవడానికి వస్తున్నాయి, అందులో ఇబ్బంది లేదు. కానీ ప్రతి ఫోటోలోనూ చెవి వెనక అతని ముఖం, గడ్డం మీద వెంట్రుకతో సహా, స్పష్టంగా ఉంది. మొదటి ఫోటోల్లో నా వైపు చూస్తూ, సరిగ్గా పట్టుకున్నానా అని అడుగుతున్నట్టు ఉన్నాడు. పోనుపోను ఆ చూపు లేదు. పొట్టేలు ఫోటో దగ్గర జిరాక్సు అతను కుర్చీ వెనక్కి జరుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

కంపెనీకి చెవి, బిళ్ల మాత్రమే కావాలని డాక్టరమ్మ చెప్పింది. అన్నిటిలోంచి ముఖం కత్తిరించి ప్రింట్లు తీశాను.

కంపెనీ నుంచి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. విషపు మేత మేపడం కాపరి నిర్లక్ష్యం కింద వస్తుందట. కాబట్టి ఏమీ రాదట. డాక్టరమ్మ మళ్లీ రాసింది, స్వయంగా వెళ్లి మాట్లాడింది. అదే జవాబు. అది చెప్పడానికి ఆమె నా స్టూడియోకు వచ్చింది. "ఫోటోల్లో తప్పేం లేదండీ" అంది వెళ్లేముందు. నన్ను ఓదార్చడానికే అంది.

ఉద్యోగమో వృత్తో వదిలేసినవాళ్లు మీలాంటి పిల్లలకు ఏదో నేర్పాలని ఇలాంటివి రాస్తారు. నా దగ్గర నేర్పేది లేదు. కొత్త కెమెరా కొనకపోయినా నా పని అప్పటికే పోయింది. కొన్నాక కూడా నిలవలేదు, మరుసటి ఏడుకల్లా కాంపౌండరే తన ఫోన్‌తో చెవులు తీయడం మొదలుపెట్టాడు. సంచి అలాగే ఉంచి ఉంటే మంద బతికేదా అని నన్ను నేను అడగని వారం లేదు. చెమ్మ పట్టిన హైపో పనిచేసేదో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎవర్నీ అడగలేదు.

దసరా పోయాక ఒకరోజు కాపరి భార్య వచ్చింది. చేతిలో ఒక సంచి. మిగిలిన గొర్రెల్ని, పిల్లల్ని అమ్మేశారట. మగాయన అప్పటికే జడ్చర్లలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి పనికి కుదిరాడు. ఆమె కూడా అక్కడికే పోతోంది. బస్సుకు ఇంకా టైముంది. నీళ్లివ్వబోతే వద్దంది.

"సారూ, గా దినం తీసిన ఫోటోలు నీ తాన ఉన్నయా?"

"కెమెరాల ఉన్నయమ్మా." దవాఖాన పనికి ఒక కార్డు విడిగా పెట్టుకునేవాణ్ని. అవి అందులోనే ఉన్నాయి, కత్తిరించకుండా.

"చూపియ్యి."

చూపించాను. గొర్రెల కోసం వచ్చిందనుకున్నాను. ఆమె గొర్రెల్ని చూడలేదు. ఆ చిన్న తెర మీద మొగుడి ముఖాన్నే చూసింది. కొన్ని చూశాక అడిగింది, "గిది తుడిచెయ్యొస్తదా?"

"వస్తది."

"అన్ని తుడిచెయ్యి సారూ. ఆయన ముఖం గట్ల యాడ ఉండొద్దు. రాత్రిపూట గూడ గట్లనే కూసుంటుండు, చెయ్యి గిట్ల లేపి వట్టుకోని. తుడిచెయ్యి. నేను సూస్త, ఒక్కొక్కటి."

మొదటిది తెచ్చి మీట నొక్కాను. నిజంగానే తీసేయాలా అని అడిగింది కెమెరా. అవునని నొక్కాను. తర్వాతిది వచ్చింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ప్రతి దానికీ అది అడుగుతుంది, నేను అవునంటాను, ముఖం పోతుంది, అదే ముఖం మళ్లీ వస్తుంది. బయట బస్టాండులో జడ్చర్ల బస్సు పిలుపు వినపడింది. ఆమె లేవలేదు.

ఆఖరిది పోయాక తెర నల్లబడి, ఇంగ్లీషులో ఏవో అక్షరాలు వచ్చాయి.

"ఏం రాసింది సారూ?"

"ఏం లేవని రాసింది."

"మంచిది" అంది. సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచింది.